తారీఖున్న గడియారమే కావాలి

మొయినాబాద్ బస్టాండు వెనక సందులో లేడీస్ టైలర్ దుకాణం తెరిచిన ఏడాదే నేను చేతి గడియారం కొనుక్కున్నాను. అంతకుముందు నాకు గడియారం లేదు. పెళ్లిలో మా ఆయనకు పెట్టారు గానీ నాకు పెట్టలేదు. కొనడానికి చేవెళ్లకు ఇద్దరం కలిసే వెళ్లాం. దుకాణాయన ఆడవాళ్లవని చెప్పి చిన్న చిన్నవి తీసి గాజు బల్ల మీద పరిచాడు. బంగారు పూత గొలుసులు, పప్పుబద్దంత ముఖాలు. వాటిలో ఒక్కదానికీ తారీఖు లేదు. మగవాళ్ల వరసలో ఉన్న ఒకదాన్ని చూపించి అది తీయమన్నాను. నల్ల తోలు పట్టీ, తెల్లటి డయల్, మూడు అంకె ఉండాల్సిన చోట చిన్న కిటికీ, అందులో తారీఖు. అంకె పెద్దగా కనబడడానికి కిటికీ మీద గాజు కాస్త ఉబ్బి ఉంది.

అది మగవాళ్లదని దుకాణాయన చెప్పాడు. తెలుసన్నాను. మా ఆయన నవ్వాడు.

"బట్టలు కుట్టేదానివి, నీకు తారీఖులతోని ఏం పనే?" అన్నాడు.

"బట్టలు కుట్టేదాన్ని గాబట్టే పని," అన్నాను.

మా సందులోనే కాదు, ఎక్కడైనా సరే, జాకెట్టు ముక్క పట్టుకుని టైలర్ దగ్గరికి వెళ్లిన ఆడదానికి వినబడే మాట ఒకటే. రేపు రమ్మంటారు. రేపు వెళితే ఎల్లుండి అంటారు. పెళ్లి అయిపోయాక, కొత్త చీర మీద పాత జాకెట్టు వేసుకుని తిరిగొచ్చాక, అప్పుడు చేతిలో పెడతారు. నేను కుట్టు నేర్చుకోకముందు అలా చాలాసార్లు తిరిగాను. అందుకే నా దుకాణంలో ఆ మాట ఉండకూడదని పంతం పట్టాను. వచ్చిన వాళ్లు వాళ్ల లెక్కలో చెబుతారు. ఒకామె పున్నానికి కావాలంటుంది, ఒకామె వచ్చే బేస్తారం, అంటే గురువారం, కావాలంటుంది, ఇంకొకామె ఆడబిడ్డ కొడుకును తొట్టెలలో వేసే పండుగ అంటుంది. అన్నీ విని, మణికట్టు చూసుకుని, నా చేతిలో ఉన్న పనిని బట్టి ముందుకు లెక్కపెట్టి ఒక తారీఖు చెబుతాను. ఆ అంకెను గుడ్డ లోపలివైపు సుద్దతో వేస్తాను. ఆ పొద్దుటికి జాకెట్టు హుక్కులతో సహా తయారుగా ఉంటుంది. కుదరకపోతే ముక్క తీసుకోను. మొదట్లో దీనికి చాలామంది అలిగారు. ఇంత పొగరా అన్నవాళ్లూ ఉన్నారు. అననీ.

గోడకు క్యాలెండర్ ఉంది కదా అని మా ఆయన కొన్నాళ్లు అన్నాడు. క్యాలెండర్ నెల మొత్తం చూపిస్తుంది గానీ అందులో ఇవాళ ఏదో చెప్పదు. నా గడియారం ఒక్క రోజునే చూపిస్తుంది, అదీ నేను బతుకుతున్న రోజును. మిషన్ మీద ఎడమ చేయి గుడ్డను నడిపిస్తుంటే మణికట్టు నా కళ్లెదురుగానే ఉంటుంది. తల ఎత్తాల్సిన పని కూడా లేదు.

ఒక లోపం ఉంది, ఒప్పుకుంటాను. ముప్పై రోజుల నెల అయిపోయిందని దానికి తెలియదు. మర్నాడు ముప్పై ఒకటి అని చూపిస్తుంది. ఒకటో తారీఖు పొద్దున మా ఊరు ముడిమ్యాల నుంచి దుకాణానికి వచ్చే బస్సులో కూర్చుని, పక్కనున్న కీ కాస్త బయటికి లాగి, తిప్పి సరిచేస్తాను. ఇంత కష్టం ఎందుకని అడిగేవాళ్లకు చెబుతాను, సూదిలోకి దారం ఎక్కించడం కంటే ఇది కష్టం కాదని.

మా అమ్మాయికి నగరంలో ఉద్యోగం వచ్చాక నాకు ఒక గడియారం కొని తెచ్చింది. అందమైనదే. పలచగా, వెన్నెల రంగు డయల్‌తో, అంకెలు కూడా లేకుండా గీతలు మాత్రమే ఉన్నది. తారీఖు లేదు. నా పాతదాన్ని చూపిస్తూ, మూడు అంకె పీకేసి కిటికీ పెట్టారని, చక్కటి ముఖం మీద అట్ట ముక్క అతికించినట్టుందని అంది. మూడు ఎక్కడుంటుందో చిన్నపిల్లలకూ తెలుసు, ఇవాళ తారీఖెంతో పెద్దవాళ్లకూ తెలియదు అన్నాను. ఫోన్లో ఉంటుంది కదా అంది. ఫోన్ నా సంచిలో ఉంటుంది. చేతులు మిషన్ మీద ఉంటాయి. తీసి చూశానా, తారీఖు ఒక్కటే చూసి ఎప్పుడు పక్కన పెట్టాను గనక? ఆమె తెచ్చినదాన్ని ఒక పెళ్లికి కట్టుకుని వెళ్లాను. వచ్చాక బీరువాలో పెట్టాను. మళ్లీ తీయలేదు. అమ్మాయి నొచ్చుకుంది గానీ అప్పటికి ఆ మాట అంతటితో ఆగింది.

పోయిన వేసవి పెళ్లిళ్ల రోజుల్లో మొయినాబాద్ పక్క పల్లె హిమాయత్‌నగర్ నుంచి ఒకామె కూతురి పెళ్లి జాకెట్టు ఇచ్చింది. ఆమె పొలాల్లో కూలికి పోతుంది. నేను చెప్పిన తారీఖు నాటికి ఇంటినిండా చుట్టాలు దిగారని, రావడం కష్టమని ఫోన్ చేసింది. నేనే తెస్తానన్నాను. మధ్యాహ్నం దుకాణానికి తాళం వేసి, జాకెట్టు సంచిలో పెట్టుకుని, షేర్ ఆటో ఎక్కాను. ఊరి మలుపు దగ్గర ఎదురుగా టిప్పర్ వచ్చింది. ఆటో అబ్బాయి ఒక్కసారిగా బండిని పక్కకు తిప్పాడు. బండి రోడ్డు దిగి గుంతలోకి ఒరిగిపోయింది. మిగతా వాళ్లకు గీతలు పడ్డాయి. నా తల ఇనుప కడ్డీకి కొట్టుకుంది.

కళ్లు తెరిచేసరికి మొయినాబాద్‌లో ఒక దవాఖాన మంచం మీద ఉన్నాను. నాతో పాటు ఆటోలో ఉన్న ఒక పెద్దావిడ నా సంచి తెచ్చి మంచం కింద పెట్టిందట. డాక్టర్ కుర్రవాడు, నెమ్మదస్తుడు. పేరు అడిగాడు, చెప్పాను. ఊరు అడిగాడు, చెప్పాను. తర్వాత, "ఈ రోజు తారీఖు ఎంతమ్మా?" అన్నాడు.

నేను ఎడమ చేయి ఎత్తాను. గాజు చిట్లి ఉంది. అతను తన అరచేత్తో నా గడియారాన్ని మూశాడు.

"చూడకుండా చెప్పాలమ్మా," అన్నాడు.

"చూడకుండ ఎందుకు చెప్పాలె?" అన్నాను.

"తలకు దెబ్బ తగిలింది కదా. గుర్తుందో లేదో తెలియాలి."

"దెబ్బ తాకకముందు గూడ చూసే చెప్పేది సారూ."

అతను నవ్వలేదు, కసరలేదు. పోనీ సుమారుగా చెప్పమన్నాడు. నేను కళ్లు మూసుకుని వెతికాను. ఏ అంకే రాలేదు. అప్పుడు భయం వేసింది. ఇవాళ ఇవ్వాల్సిన జాకెట్టు రంగు తెలుసు, అంచు తెలుసు, పెళ్లికూతురి చేతి కొలత తెలుసు. తారీఖు మాత్రం లేదు. తలలో ఏదో జారిపోయిందా అనుకుంటూ, పైన తిరుగుతున్న ఫ్యాన్ చూస్తూ పడుకున్నాను. చాలాసేపటికి గానీ తట్టలేదు, దుకాణం తెరిచిన నాటి నుంచి ఏ రోజు తారీఖూ నా తలలో లేదని. దాన్ని మణికట్టు మీద పెట్టి తలను వేరే పనులకు వాడుకున్నాను. పోయింది ఏమీ లేదు. డాక్టర్ అటు వెళ్లగానే చెయ్యి ఎత్తి చూశాను. గాజు చిట్లినా కిటికీలో అంకె కనబడుతోంది. గుడ్డ మీద సుద్దతో వేసిన అంకె అదే.

ముడిమ్యాల నుంచి మా ఆయన వచ్చాడు. కాసేపటికి ఆఫీసు నుంచి అమ్మాయి వచ్చింది, ఏడ్చిన కళ్లతో. డాక్టర్ ఇద్దరినీ బయట నిలబెట్టి చెప్పాడు, కాస్త అయోమయంగా ఉన్నారు, తారీఖు చెప్పలేకపోయారు, ఒక జాకెట్టు గురించే మాట్లాడుతున్నారు, స్కాన్ తీయాలని. తలుపు తెరిచే ఉంది, నాకు వినబడింది. వాళ్లు లోపలికి రాగానే మంచం కింద సంచి ఉంది తీయమన్నాను.

"ఇది హిమాయత్‌నగర్ల ఇచ్చి రా," అని మా ఆయనకు చెప్పాను.

"ఇప్పుడా?" అంది అమ్మాయి. "అమ్మా, నీ తల పగిలింది. జాకెట్ గురించి ఫికర్ చేస్తున్నవా?"

"ఇయ్యాల ఇస్తనని చెప్పిన."

మా ఆయన మంచం దగ్గరికి వచ్చాడు. వంగి, చిట్లిన గాజులోంచి నా గడియారం చూశాడు. సంచి తీసుకుని బయటికి వెళ్లాడు. బండి స్టార్ట్ చేసిన చప్పుడు వినబడింది. చీకటి పడుతుండగా తిరిగొచ్చి, పిల్ల తొడుక్కుని చూసుకుందని, సరిపోయిందని చెప్పాడు. మా పెళ్లయిన ఇన్నేళ్లలో నా పని గురించి ఆయన నాకు తెచ్చిన మొదటి కబురు అది.

స్కాన్‌లో ఏమీ లేదు. కొన్నాళ్లు బస్సు ఎక్కకుండా ఇంట్లో ఉండమన్నారు, ఉన్నాను. ఆ కొన్నాళ్లు అయిపోయాక మొదలైంది గొడవ. అమ్మాయి సెలవు పెట్టి వచ్చి, ఇక దుకాణం చాలించమంది. అన్నేసి కిలోమీటర్లు బస్సుల్లో, ఆటోల్లో తిరిగే వయసు కాదంది. నేను ఒప్పుకోకపోతే అసలు మాట బయటపెట్టింది.

"ఆ రోజు నీకు తారీఖు గూడ తెల్వలే అమ్మా. డాక్టరే చెప్పిండు."

"నాకు ఎన్నడు తెల్వది చెప్పు? తెల్వదు గాబట్టే గడియారం పెట్టుకున్న."

"జోక్ చేయకు."

"జోకు గాదు బిడ్డా. లెక్కలు చేసెటోళ్లకు లెక్కల మిషన్ ఇస్తరు. కండ్లు మసకైనోళ్లకు అద్దాలిస్తరు. నేను చెయ్యి చూసుకుంటే మాత్రం బుద్ధి పోయినట్టా?"

ఆమె సంచిలోంచి ఒక పెట్టె తీసింది. ఫోన్‌కు కలిపే గడియారం. తాకితే వెలుగుతుంది. తారీఖు, వారం, నెల అన్నీ ఉన్నాయి. ముప్పై రోజుల నెల దానికే తెలుసట. గుండె ఎంత కొట్టుకుంటోందో, ఎంత దూరం నడిచానో కూడా చెబుతుంది. నీకు కావాల్సింది తారీఖే కదా, ఇది పెట్టుకుని దుకాణానికి వెళ్లు, నేను అడ్డం రాను అంది. నేను ఎక్కడున్నానో తన ఫోన్లో కనబడుతుందని మెల్లగా చివర్లో చెప్పింది.

నేను దాన్ని చేతిలోకి తీసుకుని చూశాను. మంచి వస్తువే. కొన్నది ప్రేమతోనే. ఆ రోజు దవాఖాన నుంచి ఫోన్ వెళ్లినప్పుడు ఆమె పడ్డ భయం నాకు తెలియనిది కాదు. నేనూ తల్లినే, ఆమె హాస్టల్లో చదివిన రోజుల్లో నేనూ అలాంటి భయాలు పడ్డాను. కానీ ఎక్కడుందో తెలియాలని ఆవుకు కట్టినట్టు ఆమె మెడకు నేను గంట కట్టలేదు.

"ఇది నాకు తారీఖు చెప్తది, నీకు నన్ను చెప్తది," అన్నాను. "నాకు అక్కర్లేదు. నా గడియారం నన్ను ఎవ్వరికి చెప్పదు."

అమ్మాయి లేచి పెరట్లోకి వెళ్లిపోయింది. ఆ రోజు భోజనాల దగ్గర మా ఆయన ఇద్దరి మధ్యా కూర్చుని పప్పు వడ్డించుకున్నాడు.

మర్నాడు చేవెళ్ల వెళ్లి పాత గడియారాన్ని రిపేరుకు ఇచ్చాను. రిపేరు చేసేవాడు కంటికి అద్దం బిగించుకుని లోపల చూశాడు. మిషన్ బాగుందన్నాడు. ఉబ్బు గాజు ఆ కొలతలో ఇప్పుడు రావడం లేదని, గాజుతో పాటు డయల్ కూడా మార్చేసి తారీఖు లేనిది వేస్తానన్నాడు.

"గంట కనబడితే సాలు గద అక్కా," అన్నాడు.

"సాలదు," అన్నాను. "మామూలు గాజు ఎయ్యి. కిటికీ మాత్రం తియ్యకు."

అంకె చిన్నగా కనబడుతుందని హెచ్చరించాడు. కనబడనీ, దగ్గరికి పెట్టుకుని చూస్తానన్నాను. అతను భుజాలు ఎగరేసి, మామూలు గాజు వేసి ఇచ్చాడు. నిజంగానే చిన్నగా కనబడుతోంది. సూదిపనికి పెట్టుకునే కళ్లద్దాలు ఇప్పుడు బస్సులో కూడా పెట్టుకుంటున్నాను. అద్దాలు పెట్టుకుని గడియారం చూసే ముసల్దాన్ని చూసి కాలేజీ పిల్లలు నవ్వుకుంటారేమో, నాకు పట్టదు. ఎవరి రోజు వాళ్లకు కావాలి. పుట్టినప్పటి నుంచి నాకు రోజులు ఎవరో ఒకరు చెబుతూనే వచ్చారు. ఇవాళ అమావాస్య, తల దువ్వుకోకు. ఇవాళ శుక్రవారం, ఊరు దాటకు. ఇవాళ మంచిరోజు, పెళ్లిచూపులకు కూర్చో. నా గడియారం కిటికీలో ఉన్న అంకెకు మంచీ చెడూ లేదు. అది ఎంతో చెప్పి ఊరుకుంటుంది. ఆ రోజు ఏం చేయాలో నేను చెప్పుకుంటాను.

దుకాణం మళ్లీ తెరిచిన వారం, శనివారం నాడు, అమ్మాయి చెప్పకుండా వచ్చింది. నన్ను కనిపెట్టి చూడడానికే వచ్చిందని నాకు తెలుసు. స్టూల్ మీద కూర్చుంది. కొత్త గడియారం తనే పెట్టుకుంది. చాలాసేపు కూర్చున్నావు, లేచి నడువు అని అది మాటిమాటికీ అదురుతుంటే చిరాకుపడుతోంది. వచ్చిన ఆడవాళ్లు నా తల మీద మచ్చ చూసి పరామర్శించారు, కొలతలు ఇచ్చారు, బేరాలాడారు. ఒకామె తొందరగా కావాలంటే కుదరదని పంపేశాను. అమ్మాయి అన్నీ విన్నది.

"పొద్దంతా గిట్లనే కూసుంటవా?" అని అడిగింది.

"పొద్దంతా."

లేచి వెళ్లి హోటల్ నుంచి ఇద్దరికీ టీ తెచ్చింది. తాగాక, ఊరికే కూర్చోలేక, ఏదైనా పని ఇవ్వమంది. కుట్టడం పూర్తయిన ఒక జాకెట్టు, సూది, హుక్కుల పొట్లం ఇచ్చాను. నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, చిన్నప్పుడు రాత నేర్చుకున్నట్టే, వంగి కుట్టింది. వంకరగా వచ్చాయి. ఆమె గ్లాసులు ఇవ్వడానికి హోటల్‌కు వెళ్లినప్పుడు విప్పి, మళ్లీ కుట్టి, మడత పెట్టి అలమరలో పెట్టాను.