టీసీల బడి

మా తమ్ముణ్ణి మనిషిని చేసిన క్రాఫ్టు మాస్టారు పోయారు. పొద్దున్నే నందిగామ బస్టాండులో చందర్లపాడు బస్సు కోసం నిలబడి ఉన్నాను. జగ్గయ్యపేట నుంచి వచ్చిన బస్సు ఇంకా పూర్తిగా ఆగకముందే కండక్టరు కిటికీలోంచి అరిచాడు.

"అక్కా! మాస్టారు పోయారక్కా. తెల్లారుజామున. నిద్రలోనేనంట!"

అంతే, జనం ఎక్కారు, వాడు విజిలు ఊదేసాడు. వాడూ ఒకప్పుడు ఆయన చేతికింద పెరిగినవాడే. నేనెక్కాల్సిన బస్సు వచ్చింది, పోయింది. నేనూ టీచర్నే, బడికి వేళకి వెళ్ళాలి. కానీ బెంచీ మీద కూర్చుంటే కూర్చోలేను, లేస్తే ఎటు వెళ్ళాలో తెలియదు. చేతిసంచి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంటూ ఎంతసేపు తిరిగానో. చివరికి ఎదురుగా కనిపించిన జగ్గయ్యపేట బస్సు ఎక్కేసాను.

ఆయనతో నాకెప్పుడూ చిరాకే. ముందు ఆ మాట చెప్పేస్తాను, లేకపోతే ఇదంతా పొగడ్తలా ఉంటుంది. మా ఇంటికి సరిగ్గా అన్నాల వేళకి వచ్చేవారు. కూర్చోండి మాస్టారూ అంటే, "ఆఁ, ఇదిగో" అంటూ వసారాలో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగేవారు. మా అమ్మ గ్లాసు పట్టుకుని ఆయన వెనకే తిరిగేది. టీ తాగడం కూడా నడుస్తూనే, సగం గచ్చు మీదే. ఆ గచ్చు తుడవాల్సింది నేను.

జగ్గయ్యపేట హైస్కూల్లో ఆయన క్రాఫ్టు మాస్టారు. బడి వదలగానే బజారు వెనక ఒక రేకుల షెడ్డుకి చేరేవారు. కాలిపోయిన మోటార్లకి కొత్త రాగితీగ చుట్టి వైండింగు చేసే షెడ్డు అది. చుట్టుపక్కల బళ్ళలో టీసీ చేతిలో పెట్టి పొమ్మన్న కుర్రాళ్ళంతా అక్కడ తేలేవాళ్ళు. అందుకే దానికి ఊరు పెట్టిన పేరు టీసీల బడి. ఆయనకి కోపం రాలేదు సరికదా, ఎవరైనా అడిగితే తనే ఆ పేరు చెప్పేవారు. అక్కడ బెంచీల్లేవు, హాజరు పిలవడం లేదు. చుట్లు లెక్కపెడితే అదే లెక్కల క్లాసు, లెక్క తప్పితే తీగ మొత్తం విప్పాలి. తీగకి చుట్టి వచ్చిన పాత పేపరు ఒకడు గట్టిగా చదవాలి, మిగతావాళ్ళు పని చేస్తూ వినాలి. వార్నీషు వాసనకి నాకు తల తిరిగేది.

"వీళ్ళు కూర్చోలేరమ్మా. కూర్చోలేదనేగా బయటికి తోసారు. మళ్ళీ నేనూ కూర్చోబెడితే ఎట్లా?" అనేవారు.

అందరూ బాగుపడలేదు. ఒకడు షెడ్డులో ఉన్న రాగితీగంతా మూటకట్టుకుని ఖమ్మం వైపు పోయాడు, మళ్ళీ రాలేదు. రోడ్డు మీద ఆగిన ప్రతి లారీ డ్రైవర్నీ మాస్టారు వాడి గురించి అడిగేవారు. పోయిన తీగ గురించి కాదు, వాడి గురించి. తిన్నాడో లేదో కనుక్కోమనేవారు. మొన్న పండక్కి కనిపించినప్పుడు కూడా అదే మాట. ఇక అడిగేవాళ్ళు లేరు కదా అని బస్సులో తలుచుకుంటే దుఃఖం ఆగలేదు.

మా తమ్ముడు శీను అక్కడికి చేరింది కూడా రాగితీగ మూలంగానే. నూనూగు మీసాల వయసు. ఇద్దరు స్నేహితులతో కలిసి వత్సవాయి దగ్గర ఒక మిరప రైతు బావి మీది మోటారు విప్పి, తీగ పీకేసాడు. పాతసామాన్ల కొట్టు దగ్గర వీడొక్కడే దొరికాడు. బళ్ళో టీసీ ఇచ్చేసారు. రైతు పోలీసు స్టేషనుకి పోతానన్నాడు. వీణ్ణి పిల్లల జైలుకి పంపిస్తారని వీధంతా అనేసింది. జీపు చప్పుడు వినిపిస్తే చాలు, మా అమ్మ తలుపు గడియ పెట్టేది.

మాస్టారు నన్ను వెంటబెట్టుకుని ఆ రైతు ఇంటికి వెళ్ళారు.

"పీకినవాడితోనే మీ మోటారు చుట్టిస్తానండి," అన్నారు.

రైతు మంచం మీంచి లేచాడు. "నా మోటారు పీకినోడి చేతికే మళ్ళా నా మోటారు ఇయ్యమంటారా? మీకేమన్నా మతి పోయిందా మాస్టారూ?"

"పీకడం వచ్చుగదండీ వాడికి. చుట్టడం నేను నేర్పిస్తా."

"తోట ఎండుతోందయ్యా!"

"ఎండకముందే తెస్తామండి."

రైతు చాలాసేపు తిట్టాడు. చివరికి ఒక్క షరతు మీద ఒప్పుకున్నాడు. వచ్చే ఆదివారం పొద్దుగూకేలోపు నీళ్ళు పారితే కేసు పెట్టడు. పారకపోతే స్టేషనుకే.

ఆ వారమంతా మా ఇంట్లో ఎవరం కుదురుగా అన్నం తినలేదు. శీను వేళ్ళు కోసుకుపోయాయి. చుట్టడం, లెక్క తప్పడం, విప్పడం. ఒకసారి తీగ విసిరికొట్టి పారిపోయి, చీకటి పడేసరికి తనే తిరిగొచ్చాడు. మాస్టారు మళ్ళీ తీగ చేతికిచ్చారు.

ఆదివారం ఎడ్లబండి మీద మోటారు తీసుకెళ్ళాం. మిరపమొక్కలు తలలు వాల్చేసి ఉన్నాయి. సాయంత్రం కాసేపే కరెంటు. శీను బిగించాడు, వైర్లు కలిపాడు, గాలి పట్టకుండా పంపులో పేడనీళ్ళు పోసాడు, స్టార్టరు నొక్కాడు. మోటారు తిరిగింది. కానీ నీళ్ళు రాలేదు. చుట్టూ చేరినవాళ్ళలో ఒకడు, "రివర్సులో తిరుగుతోందిరో!" అని పకపకా నవ్వాడు. తలెత్తి చూసేసరికి మావాడు లేడు. పక్కనున్న కందిచేలోకి దూకి మాయమైపోయాడు.

"తిరిగిందిగా!" అన్నారు మాస్టారు సంతోషంగా. ఆ సంతోషం చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన చేను గట్టు మీద అటూ ఇటూ నడుస్తూ కేకలు మొదలెట్టారు. "కాలలేదయ్యా! బ్రహ్మాండంగా చుట్టావు! రెండు వైర్లు అటుదిటు అయ్యాయి, అంతే! వచ్చి మార్చెయ్!"

కంది మొక్క ఒక్కటి కదల్లేదు.

"మీరే మార్చండి మాస్టారూ, నిమిషం పనిగదా!" అన్నాను.

"నిమిషం పనేనమ్మా. నేను మారిస్తే నీళ్ళు తోటకొస్తాయి. వాడు మాత్రం ఆ చేలోనే ఉండిపోతాడు."

పొద్దు వాలుతోంది. రైతు ఆకాశం వంక చూసాడు, కరెంటు స్తంభం వంక చూసాడు. మాస్టారి గొంతు బొంగురుపోయింది. ఉన్నట్టుండి రైతే తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని కందిచేను అంచుకి పరిగెత్తాడు.

"ఒరే అబ్బాయ్! కరెంటు పోద్దిరా! నువ్వు రాకపోతే నా తోట పోద్దిరా! రారా నాయనా, నిన్నేమీ అనను, రారా!"

చేను మధ్యలోంచి మావాడు లేచి నిలబడ్డాడు.

వచ్చి రెండు వైర్లూ మార్చి బిగించాడు. ఎవరూ నవ్వలేదు. స్టార్టరు నొక్కాడు. పైపు గరగరమంది, గాలి కక్కింది, తర్వాత నీళ్ళు దభాలున తొట్టిలో పడ్డాయి. రైతు తలగుడ్డ మళ్ళీ చుట్టుకున్నాడు.

"రేపు కరెంటు ఎప్పుడొస్తదో తెల్వదు. పొద్దున్నే రా. మోటారు నువ్వే ఎయ్యి," అన్నాడు మావాడితో.

శీను నా వంక తిరిగాడు. నవ్వడం చేతకాక మొహం అదోలా పెట్టాడు. నేను ఏడ్చేసాను. మాస్టారికి దణ్ణం పెడదామని చూస్తే పక్కన లేరు. పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, నెర్రెలిచ్చిన బోదె కాలవలో నీళ్ళకన్నా ముందు నడిచిపోతున్నారు. అడ్డం పడ్డ కంపా, ఎండాకులూ కాలితో పక్కకి తోస్తున్నారు. నీళ్ళు ఆయన వెనకే వస్తున్నాయి. వెనక్కి తిరిగి చూడకుండానే, ఆ బొంగురు గొంతుతో, "రావయ్యా, రా, రా" అంటున్నారు.