గడప తొక్కిన వేళ

కడప అన్న పేరు గడప నుంచే వచ్చిందని, తిరుమల కొండకు వెళ్లేవాళ్లకు ఇది గడపలాంటిదని మా వైపు చెబుతారు. కర్నూలులో పుట్టిన నేను పెద్దకోడలిగా ఈ ఊరికి వచ్చాను. మా మామగారిది స్టీలు సామాన్ల అంగడి. నేను వచ్చిన ఏడాదే రోడ్డు వెడల్పు చేస్తూ అంగడి ముందు సగం కొట్టేశారు. నా ముఖం మీద ఎవరూ ఏమీ అనలేదు. చుట్టాలొస్తే మాత్రం మా అత్త గొంతు తగ్గించేది. "ఏ వేళలో గడప తొక్కిందో ఏమో!"

కొన్నేళ్లకు నా మరిది పెళ్లయింది. తోడికోడలు వచ్చిన నెలకే ఒక కాలేజీ హాస్టలుకు వంటసామాన్లన్నీ మా అంగడి నుంచే పోయాయి. ఇక మా అత్తకు గొంతు తగ్గించే అవసరం లేకపోయింది. "చిన్నది గడప తొక్కిన వేళ శానా మంచిదప్పా" అని పాలు పోసే ఆయనకు కూడా చెప్పింది.

తెల్లవారకముందే లేచి ఆ గడప కడిగి పసుపు రాసి బొట్లు పెట్టేది నేను. ఎండ వచ్చాక లేచి దాన్ని దాటిపోయేది ఆమె. అయినా గడప పేరు చెబితే అందరికీ గుర్తొచ్చేది ఆమె పాదాలే. నేనూ వాటినే చూసేదాన్ని. వాటిలో ఏముందో నాకు కనిపించేది కాదు. మడమలు నావాటికంటే నున్నగా ఉన్నాయన్నది మాత్రం కనిపించింది.

కొత్త ఇల్లు మొదలుపెట్టి ద్వారబంధం నిలబెట్టేరోజు పసుపు, కుంకుమ పళ్లెంలో సర్దుకుని నేనే ముందు వెళ్లాను. గడపకు పసుపు రాయబోతుంటే అత్త ఆపింది.

"నువ్వు పళ్లెం పట్టుకో. చిన్నది రాస్తాది."

పట్టుకున్నాను. ఆమె వంగి రాస్తుంటే, మేస్త్రి ముందు, చుట్టాల ముందు, నా భర్త ముందు పళ్లెం పట్టుకుని నిలబడ్డాను.

తర్వాత బైపాస్ దగ్గర పెద్ద షోరూము వచ్చింది. మా అంగడికి జనం తగ్గారు. ఒక మధ్యాహ్నం మా అత్త పక్కింటామెతో అంటుండగా వంటింట్లో ఇద్దరం విన్నాం. "చిన్నది కాలు పెట్టినప్పుడు బాగుండె. ఇప్పుడు ఆ కాలే ఎదురు తిరిగినట్టుండాది."

ఎన్నేళ్లుగా వినాలనుకున్న మాట! లోపల చల్లగా అనిపించింది. తోడికోడలు వంకాయ కోయడం ఆపి నా వైపు చూసింది.

"నిన్నూ ఇట్లనే అన్యారా అక్కా?"

"మొకం మింద అనలే."

ఆమె చేతులు కడుక్కుని నేరుగా హాల్లోకి వెళ్లింది. "అత్తా, బైపాస్‌లో షోరూము పెట్టింది నా కాళ్లు కాదు. అక్క కాళ్లు రోడ్డు వెడల్పు చేయలే." పక్కింటామె కాఫీ సగంలోనే వదిలి లేచిపోయింది.

అంతమాట నా కోసం అంది. సంతోషించాల్సింది పోయి, అది నేనెందుకు అనలేకపోయానని కుళ్లుకున్నాను.

ఆమె బీఈడీ చదివింది. ఆర్నెల్లు తిరక్కుండానే ఒక ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం వచ్చి, నా మరిదితో సహా వెళ్లిపోయింది. వెళ్లింది ఎక్కడికి? కర్నూలుకే, మా అమ్మ ఉండే వీధికి పక్క వీధికి. ఫోన్ చేస్తే అమ్మ నా క్షేమం అడిగేలోపే, "నీ తోడికోడలికి నా చేతి బొరుగుల ఉగ్గాని అంటే ప్రాణం. ఆదివారం వస్తాది" అనేది.

ఒకరోజు ఆ మాట విని ఫోన్ పెట్టేసి, నా భర్తతో చెప్పాను. "రేపట్నుంచి నేనూ అంగట్లో కూచుంటా."

"మనింటి ఆడోళ్లు గడప దాటి యాపారం చేసిందెప్పుడు?" అంది అత్త.

"మామకు వయసైపాయె, మరిది లేడు కదత్తా. ఈయనొక్కడే ఎంతని చూసుకుంటాడు?"

నా భర్త "రానీమ్మా" అన్నాడు.

కొత్తలో బిందెలకు, బేసిన్లకు ధర చెప్పాలన్నా నా భర్త వైపు చూసేదాన్ని. ఇప్పుడు పెళ్లిసామాన్లకు వచ్చే ఆడవాళ్లు నన్నే అడుగుతారు. మొన్న సెలవులకు వచ్చిన తోడికోడలు అంగడికొచ్చి, నేను బేరం కుదర్చడం నిలబడి చూసింది.

"నీకేమక్కా, అంగడంతా నీ చేతిలో ఉండాది. నేను పొద్దన లేస్తే హెడ్మాస్టరు మొకం చూడాల" అంది.

నవ్వుతూనే అంది. కానీ ఆ గొంతు నాకు తెలియనిది కాదు. ఇన్నేళ్లూ నా లోపల వినిపించింది అదే. స్టూలు దుమ్ము తుడిచి కూర్చోబెట్టి, ఎదురంగడి నుంచి ఆమెకు టీ తెప్పించాను.