నాన్న కటింగు మిషనూ, నా కుళ్ళుమోతుతనమూ

ఆ రోజుల్లో పిల్లల జుట్టు కత్తిరించడానికి డబ్బిచ్చి ఎక్కడికో తీసుకెళ్ళడమనేది మా ఇంటా వంటా లేదు. ఆదివారం పొద్దున్న క్వార్టరు వరండాలో ఒక స్టూలు, మెడ చుట్టూ చిరిగిన పాత పంచె, వెనక నాన్న, నాన్న చేతిలో కటకటలాడే కటింగు మిషను. అదే మా సెలూను. భిలాయిలో అప్పటికి స్టీలు ప్లాంటు మొదలై నాలుగైదేళ్ళయిందేమో. విజయనగరం నుంచి వచ్చి ప్లాంటు మెషిన్ షాపులో ఫిట్టరుగా చేరిన మా నాన్న, రెండు పిడులు నొక్కితే పళ్ళు ఆడే ఆ చేతి మిషనుతో మా తమ్ముళ్ళిద్దరికీ, మొహమాటం లేని ఇరుగుపొరుగు పిల్లలకీ క్రాఫులు కొట్టేవాడు. తన తల తను కొట్టుకోలేడు కాబట్టి, తను మాత్రం నెలకోసారి సుపేలా బజారులో సెలూనుకి వెళ్ళి, తిరిగొచ్చి ఆ మంగలి పనిలో వంకలు పెట్టేవాడు.

ఆ మిషను శుభ్రం చేసే పని నాది. నాకప్పుడు పదమూడేళ్ళు. శనివారం మధ్యాహ్నం వరండాలో గోనెపట్టా పరుచుకుని కూర్చునేదాన్ని. ముందు అమ్మ దువ్వెనలు. వేడినీళ్ళలో చాకలి సోడా వేసి నానబెట్టి, పన్నుకీ పన్నుకీ మధ్య దారం లాగి మడ్డి తియ్యాలి. ఈరుదువ్వెన అయితే ఇంకో అరగంట (అందులో ఏం దొరికేవో ఇక్కడ రాయను, మీరు భోజనానికి ముందు చదువుతున్నారేమో). దువ్వెనలయ్యాక మిషను. పై నట్టు విప్పి, రెండు పలకలూ విడదీసి, పాత బ్రష్షుతో వెంట్రుకలు దులిపి, కిరసనాయిల్లో కడిగి, తుడిచి, కుట్టుమిషను నూనె సరిగ్గా రెండు చుక్కలు వేసి, మళ్ళీ బిగించి, పదిసార్లు నొక్కి చూసి, ఫ్లానెల్ గుడ్డలో చుట్టి బిస్కెట్ల డబ్బాలో పెట్టాలి. ఆదివారం నాన్న ఆ గుడ్డ విప్పి, మిషను చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు నొక్కి, "శబాష్ ఫిట్టరమ్మా!" అనేవాడు. ఆ ఒక్క మాట కోసం నేను వారమంతా ఎదురుచూసేదాన్ని. లెక్కల్లో నాకు ఎన్ని మార్కులొచ్చినా అలాంటి మాట రాలేదు. (మార్కులు కూడా అంతంతమాత్రమే అనుకోండి.)

అలా నా ఏలుబడి సాగుతుండగా మా మేనత్త కొడుకు ఊరి నుంచి దిగాడు. పంతొమ్మిదేళ్ళవాడు, ప్లాంటులో ఏదైనా పని దొరుకుతుందేమోనని వచ్చాడు. (బావ అనగానే మీ ఆలోచన ఎటు పోతుందో నాకు తెలుసు. అలాంటిదేమీ జరగలేదు, మీరు తిన్నగా కూర్చోండి.) వాళ్ళ నాన్న అంతకు ముందు ఏడాదే పోయాడు. మనిషి మంచివాడే గాని, నుదుటి మీద ఇంత ఎత్తున లేచిన ఆ జుట్టు చూస్తేనే నాకు ఒళ్ళు మండేది. మూడు చుక్కల కొబ్బరినూనె రాసి, అద్దం ముందు పావుగంట నిలబడి, ఆ ముందు జుట్టుని కొండలా లేపేవాడు. మా తమ్ముళ్ళు అన్నం మానేసి చూస్తుండేవారు. నా రెండు జడలు మాత్రం ఎలకతోకల్లా ఉండేవి. అది నేను ఎలాగో భరించాను.

భరించలేనిది అతనొచ్చిన మూడో శనివారం జరిగింది. నేను గోనెపట్టా పరిచేసరికి నాన్న డబ్బా తీసి బావ చేతిలో పెట్టాడు. "ఇదిగోరా అబ్బాయ్, ఈ మిషను ఇకమీదట నీది. చెయ్యి తిరుగుతాది, రేపు షాపులో పనికొస్తాది."

"మరి నేను?" అన్నాను.

"నీకు దువ్వెన్లున్నాయి కదేటి," అంది అమ్మ వంటింట్లోంచి.

దువ్వెన్లు! పేల దువ్వెన్లు నాకు, మిషను బావకీ! బావ అయితే మఠం వేసుకుని కూర్చుని, నేను గంట చేసే పని ఇరవై నిమిషాల్లో ముగించాడు. పక్క క్వార్టరు చాచీ కంచె మీంచి తొంగిచూసి, "వాహ్, లడ్కా బడా హోషియార్ హై!" అని మెచ్చుకుంది. రెండేళ్ళు ఆవిడ కళ్ళ ముందే అదే పని చేశాను, నన్నెప్పుడూ ఏమీ అనలేదు. మర్నాడు నాన్న మిషను చెవి దగ్గర పెట్టుకుని నొక్కి, "శబాష్‌రా!" అన్నాడు. నా మాట! నా సొంత మాట తీసుకెళ్ళి బావకి ఇచ్చేశాడు. ఆ పూట నేను బావకి పులుసులో ముక్కల్లేకుండా పైపైన తేర్చి వడ్డించాను. అతను అదేం గమనించకుండా రెండుసార్లు పోయించుకున్నాడు, అందుకు ఇంకా కోపం వచ్చింది.

అసూయ మనిషికి ఎంత తెలివి ఇస్తుందో నాకు ఆ తర్వాతి శనివారం తెలిసింది. నాన్న రెండో షిఫ్టుకి వెళ్ళాడు. బావ పొద్దున్నే మిషను బాగుచేసి డబ్బాలో పెట్టి, ఎవరినో కలవాలని పక్క ఊరు దుర్గ్ వెళ్ళాడు. అమ్మ నిద్రపోతోంది. నేను డబ్బా దించాను. నా ఆలోచన చాలా సులువు. నట్టు ఒకటిన్నర చుట్టు వదులు చేస్తే చాలు, పలకలు విడిపోయి జుట్టు తెగకుండా మధ్యలో ఇరుక్కుంటుంది. తమ్ముళ్ళలో ఎవడో ఒకడు కెవ్వుమంటాడు, బావ పనితనం బయటపడుతుంది, నా ఉద్యోగం నాకొస్తుంది. కానీ విప్పి చూద్దును కదా, వెనక పళ్ళ సందున రెండు వెంట్రుకలు వదిలేశాడు మహానుభావుడు. నూనె రెండు చుక్కలు కాదు, నాలుగు వేశాడు, కారుతోంది. నాకు ప్రాణం ఒప్పలేదు. పాడుచెయ్యడానికి వచ్చినదాన్ని, కూర్చుని మిషనంతా మళ్ళీ బ్రష్షు కొట్టి, కిరసనాయిల్లో కడిగి, తుడిచి, కొలిచినట్టు రెండు చుక్కలు వేసి, తళతళలాడేలా చేసి, అప్పుడు నట్టు ఒకటిన్నర చుట్టు వదులు చేసి పెట్టాను.

ఆదివారం పొద్దున్న నేను గుమ్మంలో చిక్కుడుకాయలు ఒలుస్తూ, ఏమీ తెలియనట్టు కూర్చున్నాను. పెద్ద తమ్ముడు స్టూలు ఎక్కబోయాడు. నాన్న వాణ్ణి దింపి తనే కూర్చున్నాడు.

"ఈసారి ముందు నాకు కొట్రా అబ్బాయ్. రేపు మా షాపుకి పెద్ద సాహెబు వస్తన్నాడు. సుపేలా దాకా ఎవడెళ్తాడు."

"నేనా మావయ్యా?" అన్నాడు బావ. అతని మొహం వెలిగిపోయింది. గుడ్డ విప్పి మిషను తీసి, ఒక్క క్షణం దాని వైపు చూశాడు. నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. ఆగమని అరవాలి. అరవలేదు. బావ మిషను నాన్న మెడ మీద పెట్టాడు. అది పైకి నాలుగు వేళ్ళ మేర వెళ్ళి, అక్కడ ఆగిపోయింది.

"అబ్బా!" అని నాన్న లేచాడు. బావ భయపడి చెయ్యి వదిలేశాడు. మిషను మాత్రం నాన్నని వదల్లేదు. తల వెనక వేళ్ళాడుతూ నాన్నతో పాటు వరండా అంతా తిరిగింది. అమ్మ గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. చిన్న తమ్ముడు "పాపా కా బాల్ ఫస్ గయా! నాన్న జుట్టు ఇరుక్కుపోయింది!" అని చప్పట్లు కొడుతున్నాడు. "క్యా హువా, భాయ్‌సాబ్?" అని కంచె మీద చాచీ.

"ఏటిరా అబ్బాయ్, మీ మావయ్య తల ఊడబెరికీసినావు! పని తెలీకపోతే తెలీదని చెప్పొద్దేటి?" అని అమ్మ కేకలేసింది. నేను కోరుకున్నది అక్షరాలా అదే. బావ తలవంచుకుని, కత్తెరతో ఆ ఇరుక్కున్న జుట్టు కత్తిరించి మిషను విడిపించాడు. నాకు సంతోషం వస్తుందేమోనని చూశాను, రాలేదు.

నాన్న మిషను అందుకుని, నట్టు వేలితో తిప్పి చూశాడు. పలకలు వెలుగులో పెట్టి చూశాడు. వాసన చూశాడు. "నట్టు వదులయింది, అవుతాది," అని మాత్రం అని, బావకి సంచీ ఇచ్చి వంకాయలు తెమ్మని సుపేలా పంపించాడు. అతను గేటు దాటాక నా వైపు తిరిగాడు.

"ఇంత శుభ్రంగా పాడుచేసీ మనిషి ఈ ఇంట్లో ఒకర్తే ఉంది. ఇలా రా."

నేను అక్కడే భోరుమన్నాను. "నా పని బావకి ఇచ్చీసావు. శబాష్ కూడా ఇచ్చీసావు!"

నాన్న నవ్వలేదు. "ఆడికి నాన్న లేడు కదే అమ్మీ. పరాయింట్లో ఉన్నట్టు మూల కూకుంటన్నాడు. ఏదో ఒకటి చేతిలో పెడితే మనోడిలా ఉంటాడని ఇచ్చాను. నువ్వెలాగూ నా దానివే, నీకియ్యడమేటి," అన్నాడు. ఆ తర్వాత మిషను నా చేతిలో పెట్టి, మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు. "బిగించు. మిగిలింది నువ్వే కొట్టు."

నేను మిషను బాగుచెయ్యడమే గాని, ఎవరి తలా ముట్టినదాన్ని కాదు. కళ్ళు తుడుచుకుంటూ కొట్టాను. నాన్న తల వెనక క్రాఫు మెట్లు మెట్లుగా వచ్చింది. మర్నాడు పెద్ద సాహెబు వచ్చి వెళ్ళేదాకా నాన్న ఆయనకి వీపు చూపకుండా గోడవారగానే నిలబడ్డాడని, సాహెబు దాన్ని వినయమనుకున్నాడని తర్వాత తెలిసింది. మిషను బాగుచెయ్యడం బావకే ఉండిపోయింది. నాన్న క్రాఫు మాత్రం ఆ తర్వాత నా పెళ్ళయ్యేదాకా నాదే. ఆ లెక్కన నేనే గెలిచానని చాలా ఏళ్ళు అనుకున్నాను.

మొన్నామధ్య బంధువుల పెళ్ళిలో భోజనాల దగ్గర బావ నా పక్కన కూర్చున్నాడు. ఆ కొండలాంటి జుట్టులో ఇప్పుడు చెవుల దగ్గర నాలుగు పోగులు మిగిలాయి. మాటల్లో నా నేరం ఒప్పేసుకున్నాను. అతను బూరె తుంచుతూ, "ఆ రోజే తెలుసు," అన్నాడు. "గుడ్డ విప్పగానే చేతికి తెలిసిపోయింది, నట్టు ఆడతంది. నీ పనేనని కూడా తెలుసు."

"మరి బిగించలేదేం?"

"మావయ్య నిన్ను తిడతాడేమో సూద్దామని. నీ మీద అంత కుళ్ళుండీది నాకు. మీ నాన్న నిన్ను ఫిట్టరమ్మా అంటే నాకు అన్నం దిగీది కాదు." తుంచిన బూరె ఆకులో పెట్టేశాడు. "వంకాయలు అట్టుకుని గేటు కాడికొచ్చాను. మావయ్య నీ చేత క్రాఫు కొట్టించుకుంటన్నాడు. మెట్లు పడతన్నా ఏటీ అన్లేదు. లోపలికి రాబుద్ది కాలేదు. ఆ ఎండలో రోడ్డు చివరిదాకా పోయి, ఏడుపు ఆగాక వచ్చాను."

ఆ ఇంట్లో కుళ్ళంతా నా ఒక్కదానిదే అనుకున్నాను ఇన్నేళ్ళూ. బావని చూస్తే జాలేసింది. అయినా నిజం దాచడమెందుకు, లోపల ఎక్కడో ఆ పదమూడేళ్ళ పిల్ల, నా మీద కూడా ఒకరు కుళ్ళుకున్నారన్నమాట అని మురిసిపోయింది. సిగ్గేసి, వడ్డించే అబ్బాయిని కేకేసి, బావ ఆకులో ఇంకో రెండు బూరెలు వేయించాను.