పద్నాలుగో తారీఖు టికెట్

సోమలింగం గురించి చెప్పాలంటే నాకు ముందు కోపమే వస్తుంది. అతని మీద కాదు, నా మీద. ఇరవై రెండేళ్లు బట్టలు నేసే మరమగ్గాల షెడ్డులో పక్కపక్క సాంచెల మీద పనిచేశాం. బతుకుదెరువుకు వలసొచ్చిన నవాగామ్ బస్తీలో ఒకే గదిలో చాపలు పరుచుకుని పడుకున్నాం. ఇంత జరిగినా అతను నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

మా ఇద్దరిదీ సిరిసిల్ల వైపే. అతని తల్లి చిన్నప్పుడే పోతే అక్క స్వరాజ్యం బీడీలు చుట్టి పెంచింది. ఆమె పెళ్లినాటికి ఇతనికి ఏడేళ్లు. తమ్ముణ్ని తోలుకుపోనిస్తేనే అత్తగారింటికి వస్తానని పెళ్లిపందిట్లోనే మొండికేసి కూర్చుందట. ఈ ముచ్చట నాకు వందసార్లు చెప్పి ఉంటాడు. చెప్పిన ప్రతిసారీ చివర్న నన్నే అడిగేవాడు.

"ఎవలన్న తీస్కపోతరా నర్సింగం గట్ల, తమ్మున్ని ఎంబడి?"

"ఎవలు తీస్కపోరు. ఇగ పండుకో" అనేవాణ్ని. నాకు నిద్ర ముఖ్యం.

సోమలింగానికి పెళ్లి ఎందుకో కుదరలేదు, అతనూ పట్టించుకోలేదు. సచిన్ అనే మిల్లుల పేటలో ఉన్న మా షెడ్డుకు అందరికన్నా ముందు వచ్చేవాడు. తన సాంచె నడుస్తుండగానే పక్కవాడి సాంచె మీద తెగిన పోగు అతికి వెళ్లేవాడు. శేఠ్ తిడితే తల వంచుకుని వినేవాడు. ఏడాదికొకసారి రైల్లో జనరల్ డబ్బా తలుపు పక్కన కూర్చుని అక్క దగ్గరికి వెళ్లి, నాలుగు రోజులుండి వచ్చేవాడు. అతని బతుకులో పండగంటే ఆ నాలుగు రోజులే.

మొన్న చలికాలంలో అక్కకు కిడ్నీలు పాడయ్యాయి. కొన్నాళ్లు ఆసుపత్రుల చుట్టూ తిరిగాక ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆమె కూతురు హారతి ఫోన్ చేసింది.

"మామా, అమ్మ నీ పేరే తీస్తున్నది. పది పదిహేను దినాలన్నరు డాక్టర్లు. నువ్వొచ్చి నాలుగొద్దులు ఉండిపో."

అది ఎనిమిదో తారీఖు. శేఠ్ దగ్గరికి వెళ్తే, బదిలీ మనిషి దొరకలేదు, పద్నాలుగో తారీఖు రాత్రి పాళీలో సగం వరకైనా సాంచెలు నడిపించి పొమ్మన్నాడు. ఆరు రోజులు సెలవిచ్చాడు. రైలుకే పోతానన్నాడు సోమలింగం. నాకు ఒళ్లు మండింది.

"పోనురాను మూడొద్దులు బాటకే పాయె. ఇగ అక్క దగ్గర కూసునుడు ఎప్పుడు? విమానంల పో. నేను జూస్త చౌకది."

చౌక విమానాలు వెతకడంలో నవాగామ్‌లో నాకో పేరుంది. ఆ పేరు తగలెయ్య. మా గల్లీలో ఎవరికి చావొచ్చినా పెళ్లొచ్చినా టికెట్ నా ఫోన్లోంచే తెగేది. ఆ రోజు కూడా టీ బండి దగ్గర కూర్చుని గంటసేపు చూశాను. ఒకటి ముంబైలో దింపి ఐదు గంటలు కూర్చోబెడుతుంది. ఇంకోటి సాయంత్రంది, సుఖమే గానీ రేటు రెండింతలు. మూడోది తెల్లవారుజామున ఐదూ యాభైకి నేరుగా హైదరాబాద్ వెళ్తుంది. అంత పొద్దున ఎవరూ లేవరు కాబట్టి అన్నిటికన్నా చౌక. అదే పట్టాను.

సీటు ఎంచుకుంటే పైసలన్నారు, వద్దన్నాను. తిండికి వేరే అన్నారు, వద్దన్నాను. ప్రయాణానికి ముందు ఫోన్‌కు కబురు పంపి గుర్తుచేస్తాం, దానికి ఇంత అన్నారు. తారీఖు మనకు గుర్తుండదా అని నవ్వి, ఆ టిక్కు కూడా తీసేశాను.

తప్పు అంతకు ముందే జరిగిపోయింది. మాది రాత్రి పాళీ. సాయంత్రం ఏడింటికి ఎక్కి పొద్దున ఏడింటికి దిగుతాం. షెడ్డు పుస్తకంలో ఆ పన్నెండు గంటలకూ ఒకటే తారీఖు. అర్ధరాత్రి దాటినా మాకు తారీఖు మారదు, పొద్దున పాళీ దిగాకే మారుతుంది. ఇన్నేళ్లుగా అలాగే బతికాం. పద్నాలుగో తారీఖు పాళీలో సగం చేసి తెల్లారగట్ల విమానం ఎక్కాలి గనుక నేను పద్నాలుగు మీదే వేలు పెట్టాను. లోకానికి అది పదిహేనో తారీఖు. సోమలింగానికి కూడా పద్నాలుగనే చెప్పాను, అతనికీ అది సరిగ్గానే తోచింది. టికెట్‌ను హారతికి పంపించాను. చదువుకున్న పిల్ల, ఉన్నది ఉన్నట్టు చదివింది. తమ్ముడు పద్నాలుగున పగటికల్లా ఇంట్లో ఉంటాడని తల్లికి చెప్పింది.

సోమలింగం ఖటోదరాలో తెలిసినవాడి దగ్గర అక్కకు ఆకుపచ్చ చీర కొన్నాడు. లేచి కూర్చున్నాక కట్టుకుంటుందన్నాడు. ఏడు కిలోలు దాటితే ఎక్కనియ్యరని నేను భయపెడితే, సంచిని షెడ్డుకు తెచ్చి దారం బాబిన్లు తూచే కాంటా మీద పెట్టాడు. చీర, నాన్‌ఖటాయి బిస్కెట్ల డబ్బా, రెండు జతల బట్టలు. అంతా కలిపి నాలుగు కిలోలే. ఇంకా మూడు కిలోలు ఏం తీసుకుపోవాలా అని రెండు రోజులు ఆలోచించాడు.

పద్నాలుగు తెల్లవారుజామున, మా లెక్కలో ఇంకా పదమూడో తారీఖు పాళీ నడుస్తుండగానే, ఆ విమానం వెళ్లిపోయింది. మా షెడ్డు మీదుగానే వెళ్లిందేమో తెలియదు, సాంచెల మోతలో ఏమీ వినపడదు. ఆ వేళకు సోమలింగం నా పక్కనే పోగు అతుకుతున్నాడు. ఏడింటికి దిగి, గదికొచ్చి, ఫోన్లు బంద్ చేసి పడుకున్నాం. పగటిపూట గదిలో ఫోన్ మోగకూడదన్న కట్టుబాటు పెట్టింది నేనే. ఒకసారి అతని ఫోన్ మోగితే పెద్ద గొడవ చేశాను కూడా.

సాయంత్రం ఐదింటికి ఫోన్ తెరిచాడు. వెంటనే మోగింది.

"మామా, యాడున్నవే?" హారతి గొంతు నాకూ వినిపిస్తూనే ఉంది.

"రూంలనే ఉన్న బిడ్డా. తెల్లారగట్ల గదా విమానం."

"అమ్మ పోయింది మామా. మూడు గొట్టంగ."

నేను టికెట్ తీసి చూశాను. చూస్తుండగానే తెలిసిపోయింది. సోమలింగం నా మొహం చూసి ఫోన్ తీసుకున్నాడు. ఇంగ్లిషు రాకపోయినా అంకెలు వచ్చు. పద్నాలుగు మీద వేలు పెట్టి కాసేపు చూసి, ఫోన్ నా చేతిలో పెట్టేశాడు.

అదే విమానానికి మర్నాటి టికెట్ మూడింతల రేటుకు కొన్నాను. మా వైపు ఆడమనిషి పోతే పుట్టింటి చీర కప్పనిదే శవాన్ని లేపరు. స్వరాజ్యానికి పుట్టిల్లంటే ఇతనొక్కడే. ఇతను వచ్చేదాకా ఆపుతామన్నారు. బతికుండగా కట్టుకోవాలని కొన్న ఆకుపచ్చ చీరే సంచిలో ఉంది. బండి మీద తీసుకెళ్లి దింపితే, విమానాశ్రయం గేటు దగ్గర అతను ఒక్కటే అడిగాడు.

"ఇది ఇయ్యాలదే గదా?"

లోపలికి వెళ్లాడు. జన్మలో మొదటిసారి విమానం ఎక్కడం అలా అయింది.

పన్నెండు రోజుల తర్వాత తిరిగొచ్చాడు. తల్లికి ఇచ్చినట్టే అక్కకు ఇచ్చిన గుండు మీద అప్పుడే వెంట్రుకలు మొలుస్తున్నాయి. చాప మీద కూర్చుని, నేను అడగకుండానే చెప్పాడు. పద్నాలుగు పొద్దున అక్క హారతితో తల దువ్వించుకుందట. గోడకు దిండు పెట్టించుకుని వాకిలి కనపడేట్టు కూర్చుందట. పగలు దాటినా రాకపోతే హారతి ఫోన్ చేసింది. బంద్ అని వచ్చింది. విమానంలో ఫోన్లు బంద్ పెట్టిస్తారు గనుక, లేటై ఇంకా అందులోనే ఉన్నాడనుకున్నారు. మళ్లీ చేస్తానంటే అక్క వద్దందట, పైనున్నవాణ్ని తిప్పలు పెట్టొద్దని.

"ఆకర్న గదే అడిగిందట నర్సింగం. తమ్ముడు ఇంక మీదనే ఉన్నడా అని. ఉన్నడమ్మా, వస్తున్నడని చెప్పిందట పోరి. సరే రానీ అని కండ్లు మూసింది."

మళ్లీ అతనే అన్నాడు. "నేను రాలేదని అనుకోలే. వస్తున్ననే అనుకున్నది. గది చాలు తియ్."

నన్ను ఓదార్చడానికే అన్నాడు ఆ మాట. ఆ మూడు గంటల వేళ అతను ఈ చాప మీదే, నా పక్కనే, గాఢంగా నిద్రపోతున్నాడు. గోడకు వేలాడుతున్న సంచిలో చీర ఉంది. మధ్యలో ఒకసారి నాకు మెలకువ వచ్చింది. అతని మీద ఎండ పడుతోందని లేచి కిటికీ మూశాను.