గ్లాసుల బుట్టా, గడ్డి నిందా

మొన్న మా కోడలు ఫోన్లో బేరం చేసి తెప్పించిన గాజు కప్పులు అట్టపెట్టెలో వచ్చాయి. చుట్టూ గాలిబుడగల కవరు, దాని మీద ఇంకో కవరు, ఇంత హంగామా విప్పి చూస్తే రెండు కప్పులకి చెవులు ఊడిపోయి ఉన్నాయి. ఆ పిల్ల వాటికి ఫోటో తీసి ఏదో నొక్కి, "వేరేవి పంపిస్తార్లే అత్తయ్యా" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఎవరు కట్టారు, ఎక్కడ పడేశారు అని అడిగిన వాళ్ళు లేరు, అడిగించుకున్న వాళ్ళూ లేరు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆ మంట కప్పుల మీద కాదు, కోడలి మీదా కాదు. ఎప్పుడో తొంభైల్లో బందరు బజారులో, పగిలిన గ్లాసుల కోసం మా అక్కని నలుగురిలో నిలబెట్టి అన్న మాట గుర్తొచ్చి.

అక్కంటే నా తోడబుట్టింది కాదు, మా బావగారి భార్య. నా చదువు ఐదో తరగతితో సరి, ఆమె బడి ముఖమే చూడలేదు. ఇద్దరం గాజుసామాన్ల కొట్టు వెనక రేకుల షెడ్డులో బుట్టలు కట్టేవాళ్ళం. టీ గ్లాసులు, సోడా గ్లాసులు, మిఠాయి కొట్ల సీసాలు, లాంతరు గ్లాసులు, ఇవన్నీ అక్కడినుంచే గుడివాడకీ అవనిగడ్డకీ దీవుల్లోని పల్లెలకీ వెళ్ళేవి. మన ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, అప్పుడు ఏది కట్టాలన్నా వరిగడ్డే. వెదురు బుట్టలో అడుగున చేతి మందాన గడ్డి పరిచి, మరికొంత గడ్డిని జడలాగా పేని గ్లాసుకీ గ్లాసుకీ మధ్య తిప్పి, గ్లాసు కడుపులో కూడా పిడికెడు కూరి, బోర్లించి పేర్చుకుంటూ రావాలి. లాంతరు గ్లాసయితే మరీ సుకుమారం, నడుం దగ్గర పట్టుకుంటే చాలు చిట్లుతుంది. అంతా అయ్యాక అక్క బుట్టని రెండు చేతులా పట్టుకుని ఊపి, చెవి ఆనించి వినేది. లోపలినుంచి చిన్న చప్పుడు వచ్చినా "గ్లాసులు మాట్లాడుకుంటున్నాయే పిల్లా" అని మొత్తం విప్పించేది. నాకు విసుగొచ్చి ఎన్నిసార్లు సణుక్కున్నానో. ఆమె కట్టిన బుట్ట మాత్రం ఊపితే బస్తా ఊపినట్టుండేది.

బుట్ట చుట్టూ గోనెపట్టా వేసి కుట్టడం కూడా ఉండేది. దండగ ఖర్చని కొట్టు యజమాని షావుకారు గారు ఆ ముందు ఏడాదే దాన్ని మాన్పించారు. మూతి మీద గడ్డి కప్పి, పురికొస అల్లి పంపితే చాలన్నారు. అక్క వద్దంటే వినలేదు.

ఆ ఎండాకాలం గడ్డికి మహా కరువుగా ఉంది. వాముల్లో అడుగు గడ్డి తప్ప మిగల్లేదు. అక్కకి ఇంటి దగ్గర ఒక పాడిగేదె ఉండేది, దాన్ని మేపడానికి పొద్దున్నే కాలవగట్ల వెంట పచ్చగడ్డి కోసుకొచ్చి, ఆ తర్వాత పనికొచ్చేది. సరిగ్గా ఆ రోజుల్లోనే నాగాయలంక అవతల దీవిలో ఒక కొట్టాయనకి లాంతరు గ్లాసుల బుట్టలు పంపాం. వాళ్ళకింకా కరెంటు సరిగ్గా లేదు, ఊరంతా లాంతర్ల మీదే బతికేది.

నాలుగు రోజులు కాకముందే ఆ కొట్టాయన ఒక బుట్ట మోయించుకొచ్చి కొట్టు ముందు గుమ్మరించాడు. గాజుపెంకుల కుప్ప, అందులో పిడికెడు గడ్డి.

"ఇదేనా అండీ మీ కట్టుబడి? బుట్టలో గడ్డెక్కడుందో వెతికిపెట్టండి" అని అరుస్తుంటే బజారంతా చేరింది.

షావుకారు గారు ఆ కుప్ప చూశారు, వెనక షెడ్డులోంచి వచ్చిన అక్కని చూశారు. మెత్తగా, నవ్వుతూ అన్నారు:

"మీ గేదె ఈమధ్య పాలు బాగా ఇస్తోందంట కదమ్మా?"

అంతే. దొంగ అనే మాట ఆయన నోటినుంచి రాలేదు, కానీ అక్కడున్న హమాలీలతో సహా అందరికీ అర్థమయింది. కొట్టు గడ్డి గేదెకి మోసుకెళ్ళి, బుట్టలు బోలుగా కట్టిందని.

అక్క మొహం నల్లబడిపోయింది. "ఇంటికొచ్చి చూసుకోండి అయ్యగారూ, నా కొట్టంలో ఎండుగడ్డి పరక ఉంటే చెప్పుతో కొట్టండి" అంది.

"గేదె మేసేశాక ఏం కనపడుద్దమ్మా" అన్నారాయన. అందరూ నవ్వారు.

అక్క చీరకంటిన గడ్డి దులుపుకుంది. నన్ను కూడా వెంట రావొద్దని, నీ పిల్లలు చిన్నవాళ్ళు పని మానకని చెప్పి, ఒక్కతే వెళ్ళిపోయింది. ఆ మాట ఆమెకంటే ముందే మా వీధికి చేరింది. పాలు పోయించుకునే వాళ్ళు కూడా "ఏం మేపుతున్నావేంటి?" అని అడిగి ముసిముసిగా నవ్వేవాళ్ళు.

అసలు జరిగింది ఆ దీవికి పడవ నడిపే సరంగు వల్ల బయటపడింది. అతను తన లాంతరుకి గ్లాసు కొనుక్కోవడానికి వచ్చి, మాటల్లో మాటగా చెప్పాడు. ఆటుకి నీళ్ళు తీసి పడవ కదలక మా బుట్టలు పొద్దుగూకేదాకా రేవులోనే ఉండిపోయాయట. "ఏం చెప్పమంటారండీ, ఊళ్ళో పశువులన్నిటికీ పెళ్ళిభోజనమే ఆ రోజు. బుట్ట సందుల్లోంచి లాక్కుని లాక్కుని తిన్నాయి. మేం తోలేలోపు సగం ఖాళీ!" కరువుకాలంలో వాసనేసే ఎండుగడ్డిని పట్టా కూడా లేకుండా రేవులో పెడితే, ఏ పశువు ఊరుకుంటుంది చెప్పండి?

షావుకారు గారు కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. కొట్టంతా నవ్వింది. నేను మాత్రం ఉండబట్టలేక, "అయితే అక్కని పిలిపించి, ఆమె తియ్యలేదని ఇదే చోట చెప్పండి షావుకారు గారూ" అన్నాను.

"ఇంకా చెప్పేదేముంది, అందరికీ తెలిసిపోయిందిగా. రేపట్నుంచి పనిలోకి రమ్మను" అన్నారు.

ఆ సాయంత్రం ఆయన చేసిన పని వినండి. ఒక బండెడు గడ్డి అక్క ఇంటికి పంపించారు! వీధంతా అరుగుల మీదే ఉంది. అక్క గుమ్మం దిగి బండికి అడ్డంగా నిలబడింది.

"బండి తిప్పు."

"ఊరికే వస్తుంటే వద్దంటావేంటమ్మా?" అన్నాడు బండివాడు.

"ఇప్పుడు తీసుకుంటే అప్పుడు తీసినట్టే" అంది.

ఆ గేదె మెడ చాచి బండివైపు గుంజుతూనే ఉంది. అక్క పలుపు చేతికి చుట్టుకుని, బండి వీధి మలుపు తిరిగేదాకా దాన్ని బిగబట్టి నిలబడింది. మా అత్తగారు మాత్రం "పౌరుషం గేదెకి పెడతావా?" అని ఆ రాత్రంతా సాధించింది.

అక్క మళ్ళీ ఆ షెడ్డులో అడుగు పెట్టలేదు. కొన్నాళ్ళకి నేనూ మానేశాను. బజారుకి వెళ్ళినప్పుడు షావుకారు గారు కొట్టులోంచే "బాగున్నావా అమ్మా?" అని పలకరించేవారు. అక్క ఆగేది. బాగున్నానండీ అని ఇంకో క్షణం ఆగేది. ఆయన ఏదో సామాను సర్దుతున్నట్టు లోపలికి తిరిగేవారు. ఆయన పోయేదాకా ఇదే వరస. ఆ క్షణం ఎందుకాగేదో పక్కనున్న నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

తర్వాత అక్క కూడా కన్నుమూసింది. మా వాళ్ళు నలుగురు కలిస్తే ఇప్పటికీ పశువులు బుట్టలు మేసిన కథ చెప్పుకుని పగలబడి నవ్వుతారు. తిరిగి వెళ్ళిన బండి గురించి ఒక్కరూ చెప్పరు. ఇప్పుడు ఆ బుట్టలు అల్లేవాళ్ళు లేరు, మా వీధిలో గేదె ఉన్న ఇల్లు లేదు. కోతల రోజుల్లో గుడివాడ వైపు బస్సులో వెళ్తుంటే, మిషను కోసి వదిలేసిన గడ్డిని ఎవరికీ అక్కర్లేదని పొలాల్లోనే తగలబెట్టేస్తున్నారు. ఆ పొగకి అందరూ అద్దాలు మూసుకుంటారు. నేను మాత్రం కళ్ళు మండుతున్నా చూస్తూ కూర్చుంటాను. ఇందులో పిడికెడు గడ్డి కోసమే కదా, షావుకారు గారు ఒక మనిషి మంచి పేరు పుచ్చుకుని, మళ్ళీ ఇవ్వకుండానే పోయారు.