పన్నెండో నంబరు సిరంజి

నర్సు సీసా మూతలోకి సూది దించి పది మిల్లీలీటర్లు లాగింది. వేలితో తట్టి గాలి బుడగను పైకి తెచ్చి వదిలేసింది. చీటీ మీద 12 అని మాత్రం రాసి అంటించింది.

మొలల ఆపరేషన్ తర్వాత ఏ మత్తుమందు నొప్పిని ఎక్కువసేపు ఆపుతుందో ఆ ఆస్పత్రిలో పోల్చి చూస్తున్నారు. లిగ్నోకేన్ తొందరగా పట్టి తొందరగా దిగిపోతుంది. బ్యూపివకేన్ నింపాదిగా పట్టి గంటల తరబడి నిలుస్తుంది. ఎవరికి ఏది ఇస్తున్నారో డాక్టరుకీ రోగికీ తెలియకూడదు. ఒక్కో నంబరుకి ఏ మందో రాసి మూసిన కవరు విప్పి, చదివి, నింపేది ఆమె ఒక్కతే. పందొమ్మిదేళ్లుగా ఆమె నింపిన సిరంజిని ఎవరూ మళ్లీ సరిచూడలేదు. తను మాత్రం రెండుసార్లు చూసుకుంటుంది.

పన్నెండుకి వచ్చింది బ్యూపివకేన్. ఆ పన్నెండో మనిషి ఆమె అక్క భర్త, బస్సు డ్రైవరు. బయట స్ట్రెచర్ మీద ఉన్నాడు.

"మరదలా, గట్టిది పొయ్యి. మీ అక్క కూరలా చప్పగా చెయ్యకు."

"నోరు మూసుకుని పడుకో బావా."

దుప్పటి సర్దుతూ అలవాటుగా అతని మణికట్టు పట్టుకుంది. నాడి నాలుగు కొట్టుకుని ఒకటి ఎగ్గొట్టింది. మళ్లీ రెండు కొట్టుకుని ఆగింది. ఆ ఖాళీ చాలాసేపున్నట్టు అనిపించింది.

"గుండెకేమన్నా వాడుతున్నావా?"

"చిన్న మాత్ర. ఫారంలో రాయలేదు. డిపోలో తెలిస్తే స్టీరింగ్ లాగేసుకుంటారు."

"కళ్లు తిరిగాయా ఎప్పుడన్నా?"

"ఒక్కసారి. వంతెన మీద. బస్సు నిండా జనం." గొంతు తగ్గించాడు. "ఎవరికీ తెలీదులే."

లోపలికెళ్లింది. బల్ల మీద సిరంజి నీళ్లంత తేటగా ఉంది. పొరపాటున రక్తనాళంలోకి పోతే ఈ మందు మంచి గుండెనే పట్టి ఓ పట్టాన వదలదు. ఆమె చెయ్యి లిగ్నోకేన్ సీసా దాకా వెళ్లింది. మార్చేస్తే ఎవరికీ తెలియదు. ఆ గుండె మాత్రం మళ్లీ వంతెన ఎక్కుతుంది. చెయ్యి వెనక్కి తీసుకుని బయటికొచ్చింది.

"డాక్టరుగారికి చెప్పేస్తున్నా బావా."

"మీ అక్క మొహం చూసైనా ఊరుకోవే."

"అక్క మొహం చూసే చెప్తున్నా."

అతను గోడవైపు తిరిగిపోయాడు.

థియేటర్ తలుపు తెరుచుకుంది. గ్లవ్స్ వేసుకున్న చెయ్యి ముందుకొచ్చింది. "పన్నెండు ఇవ్వమ్మా."

నాడి సంగతి, మాత్ర సంగతి, వంతెన సంగతి వరసగా చెప్పింది. డాక్టరు చెయ్యి కిందికి దిగింది.

"ఈవేళ కొయ్యను. ముందు గుండె చూడాలి. ఇందులో ఏముంది?"

అదీ చెప్పింది. ఎర్ర పెన్నుతో నంబరు కొట్టేసి 'వాడలేదు' అని రాసింది. సిరంజినీ, విప్పిన కవరునూ ట్రేలో పెట్టి ఆయన చేతికిచ్చింది.