గాలికి సున్నా పెట్టిన మనిషి

పొద్దున ఏడింటికి మా చెల్లెలు ఫోన్ చేసింది. మా చిన్నాన్న కూతురు. ఒకప్పుడు తెరచాప పడవల పందేల్లో పోటీపడి, ఇప్పుడు పిల్లలకు అదే నేర్పుతోంది. "అక్కా, నాన్న నోటుబుక్కు నీ తాననే ఉన్నది గదా? కొత్త పడవకు గాలి మీటరు పెట్టిన్రు. నాన్న అప్పుడెట్ల చేసిండో చూడాలె. జల్దీ వెతుకు" అంది. ఇక నా కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. ఖానాపురం హవేలిలో మా రెండు గదుల ఇంట్లో వెతకడానికి మూడు చోట్ల కంటే ఎక్కువ లేవు. అందులో రెండింటినీ నాలుగేసి సార్లు వెతికాను. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. నేను పాఠాలు చెప్పే స్కూలుకు తీసుకెళ్ళే షేర్ ఆటో హారన్ కొట్టీ కొట్టీ వెళ్ళిపోయింది.

చిన్నాన్నదీ ఇదే తత్వం. కాలుగాలిన పిల్లి అనేది మా నాయనమ్మ. సారపాకలో కాగితం మిల్లులో మీటర్లు సరిచూసే పని ఆయనది. ఉద్యోగం రిటైరైంది కానీ చేతులు రిటైర్ కాలేదు. ఎవరింటికి వెళ్ళినా గోడ గడియారం దించి చూడాల్సిందే. ఒక ఆదివారం చర్చిలో ప్రసంగం మధ్యలో లేచి వెళ్ళి, ముల్లు సరిచేసి వచ్చి కూర్చున్నాడు. పాస్టరుగారు అది తనకే సైగ అనుకుని గబగబా ముగించారు. ఆ వారం సంఘమంతా చిన్నాన్నను మెచ్చుకుంది, పిన్ని మాత్రం సిగ్గుతో తల ఎత్తలేదు.

ఆయనకు రెండు నియమాలుండేవి. ఏ మీటరునైనా ముట్టుకునే ముందు అది ఎంత చూపిస్తోందో రాయాలి. ఆ గడి పేరు 'దొరికినట్టు'. సరిచేశాక ఎంత చూపిస్తోందో పక్కన రాయాలి. దాని పేరు 'వదిలినట్టు'. "ముట్టినంక రాస్తే అబద్ధమైతది బిడ్డా" అనేవాడు. రెండోది, పని ముగిశాక స్క్రూ మీద ఎర్ర రంగు చుక్క. చుక్క పడ్డదాన్ని ఇంకెవరూ తిప్పకూడదు. మిల్లులోనే కాదు, పిన్ని కుక్కరు పిడికీ, మా కుట్టుమిషనుకూ కూడా ఆ చుక్క పెట్టాడు.

ఒక ఏడు, చెల్లెలికి తెరచాప పడవల జట్టులో చోటు దక్కడానికి అదే ఆఖరి అవకాశం. మరుసటి ఏటికి వయసు దాటిపోతుంది. నేలకొండపల్లి అవతల పెద్ద చెరువులో ఎంపిక పందేలు పెట్టారు. పడవలో తెరచాప కట్టే స్తంభం కొసన ఒక గాలి మీటరు ఉంటుంది. చిన్న గిన్నెలు గిరగిర తిరిగి వేగం చెబుతాయి, తోక మళ్ళి దిక్కు చెబుతుంది. రెండు వైపులా కోణం ఒకటే ఉండాలి, కానీ చెల్లెలి పడవ మీది మీటరు కుడి నుంచి వచ్చే గాలికి ఒక కోణం, ఎడమ నుంచి వచ్చే గాలికి ఇంకో కోణం చూపిస్తోంది. గాలికి ఎదురు పోవాల్సిన పడవ అటొకసారి ఇటొకసారి మళ్ళుతూ పోవాలి. కోణం తప్పితే మలుపు తప్పుతుంది, మలుపు తప్పితే పందెం పోతుంది.

కబురందగానే చిన్నాన్న పనిముట్ల సంచితో బస్సు దిగాడు. సెలవులు కాబట్టి నేనూ వెళ్ళాను. ఒడ్డున షెడ్డులో స్తంభాన్ని పడుకోబెట్టి, దారం లాగి, తోకను నడిమి గీతకు సరిగ్గా నిలిపి సున్నా పెట్టాడు. ఎర్ర చుక్క కూడా పెట్టేశాడు. ఆయన పొరపాటు అక్కడే జరిగింది. మిల్లులో మీటర్లు బల్ల మీద సరిచేస్తే సరిపోతుంది. పడవకు స్తంభం మళ్ళీ నిలబెట్టేటప్పుడు కొంచెం తిరిగిపోయింది. చెల్లెలు నీళ్ళ మీద ఒక చుట్టు తిరిగొచ్చి, మొహం ఎర్రగా చేసుకుని నిలబడింది.

"నాన్నా, షెడ్డుల సున్నా నీళ్ళ మీద సున్నా కాదు. గా చుక్క తీసెయ్."

"నా చుక్క ఇంతవరకు ఎవ్వరు తియ్యలే."

"అయితే నువ్వే వచ్చి చూడు."

చిన్నాన్న గోదావరి పక్కనే బతుకంతా గడిపినా మోకాలి లోతు దాటి నీళ్ళలో దిగని మనిషి. ఎల్లుండే పందెం. కట్ట మీద ఈ కొస నుంచి ఆ కొసకు ఎన్నిసార్లు తిరిగాడో తెలియదు, చూసే నాకే కాళ్ళు పీకాయి. సాయంత్రం చాయ్ తాగకుండానే గ్లాసు కింద పెట్టి, లైఫ్ జాకెట్ తగిలించుకుని, నా చేతికి నోటుబుక్కు ఇచ్చాడు. "పా బిడ్డా. దొరికినట్టు రాసుకుందాం."

పడవ ఎక్కి, రెండు చేతులతో స్తంభాన్ని కరుచుకుని, లోలోపల ప్రార్థన చేసుకుంటూనే అంకెలు అరిచాడు. గాలి కుడివైపున పెట్టి ఒకసారి, ఎడమవైపున పెట్టి ఒకసారి, మళ్ళీ మళ్ళీ తిప్పించాడు. ఒకవైపు నలభై ఒక్క డిగ్రీలు, ఇంకోవైపు ముప్పై మూడు. తేడా ఎనిమిది, అందులో సగం నాలుగు. ఒడ్డుకు చేరాక స్తంభాన్ని దింపించి, తన ఎర్ర చుక్కను తానే గోటితో గీకేసి, తోకను ఆ నాలుగు డిగ్రీలూ జరిపాడు. "నా సున్నా నాలుగు తప్పిందమ్మా" అన్నాడు కూతురితో. నాకు ఏడుపొచ్చింది. ఆ మనిషి నోట తప్పు అన్న మాట మేమెవ్వరం అంతకుముందు వినలేదు.

పందెంలో చెల్లెలు మూడో స్థానంలో వచ్చింది. జట్టుకు అది చాలింది. చిన్నాన్న పోయి రెండేళ్ళు. "అంకెలు నువ్వే రాసినవు గదా" అని పిన్ని ఆ నోటుబుక్కు నాకే ఇచ్చింది. ఇన్నాళ్ళూ నాకు తెరవాలనిపించలేదు.

చివరికి అది మూడో చోట, ఎర్ర చుక్క ఉన్న కుట్టుమిషను సొరుగులో దొరికింది. పేజీ తీసి చెల్లెలికి ఫోన్లో అంకెలన్నీ చదివాను. వాటి కింద నేను రాయని రెండు వరుసలు, చిన్నాన్న చేతిరాతలో. చదవనా వద్దా అనుకుంటూనే పైకి చదివేశాను.

దొరికినట్టు: నాకు భయం. బిడ్డకు కోపం.

వదిలినట్టు: భయం అట్లనే ఉన్నది. బిడ్డ నవ్వింది.

ఫోన్లో అవతలి నుంచి చెరువు గాలి వినిపించింది. కాలం ఎవరినీ దొరికినట్టు వదిలిపెట్టదు. అది ముట్టుకోకముందు మనమెట్లా ఉన్నామో ఎవరో ఒకరు రాసిపెట్టి ఉంటే, అదే మన అదృష్టం.